చాలు కాదు, సాలు

మా మేనత్త పోయిందన్న కబురు నేను ప్రెస్సులో ఉండగా వచ్చింది. శ్రావణ మాసం ముహూర్తాలకు వేసే పెళ్ళికార్డుల ప్రూఫులు బల్ల మీద కుప్పగా ఉన్నాయి. మామ ఫోన్ చేసి, "అబ్బోడా, మీ అత్త పొయ్యిందప్పా" అన్నాడు. ఆ తర్వాత కూడా ఇద్దరమూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ వైపు నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడూ, కొట్టంలో ఆవు అరుపూ వినిపిస్తూ ఉన్నాయి.

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసిన విలేకరి ఒకాయన నాలుగు ముక్కలు పంపమన్నాడు, జిల్లా పేజీలో వేస్తామన్నాడు. అక్కడే ఫోన్లో కొట్టి పంపాను. 'చాలు' చిత్రాలతో పేరు పొందిన విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయిని కన్నుమూశారని మొదలుపెట్టాను. మరుసటి రోజు అచ్చయింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు, అవి లేకుండా చూడడమే నా బతుకుతెరువు కాబట్టి. కానీ ఆ చాలు అనే మాటే తప్పు. ఆ తప్పు చేసింది నేనేననీ, ఏళ్ళ తరబడి దాన్నే అందరిచేతా వల్లె వేయించాననీ అత్త దినాల నాడు గానీ నాకు తెలియలేదు. ఆమెను తలుచుకుని ఏమైనా రాయమని పత్రికవాళ్ళు అడిగారు కనుక రాస్తున్నాను. తలెత్తుకుని మాత్రం రాయలేకపోతున్నాను.

అత్త మా నాయనకు అక్క. చిత్తూరులో ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేసింది. ఉండేది పూతలపట్టు దాటినాక రోడ్డుకు కాస్త లోపలికున్న పల్లెలో, మామ వాళ్ళ ఇంట్లో. కొంచెం మామిడితోట, కొంచెం వేరుశనగ వేసే మెట్ట. ఆమె పుట్టి పెరిగిన మా తాత ఊరు ఆ పక్కదే. మా నాయన మాత్రం చిన్నతనంలోనే తిరుపతి వచ్చేసి, కొండకు పోయే భక్తులకు కావలసిన సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. అంగడికి నాలుగు ఊళ్ళవాళ్ళు వస్తారు, మన మాట విని నవ్వకూడదని ఆయన భయం. 'సూడు' అంటే నెత్తిన మొట్టికాయ పడేది. 'చూడు' అని మళ్ళీ చెప్పేదాకా వదిలేవాడు కాదు. ఆ మొట్టికాయలే నన్ను ప్రూఫులు దిద్దేవాణ్ణి చేశాయనుకుంటాను. ఎవరి నోట 'సాలు, సక్కగా, సెప్పు' అని విన్నా, నా మనసులో ఒక ఎర్ర పెన్ను దానంతటదే లేచి సకారాన్ని కొట్టేసి చకారం పెడుతుంది.

మేనత్తా మేనల్లుళ్ళ వరస కదా, మా మధ్య ఎకసెక్కాలకు కరువుండేది కాదు. నేను గడప దాటగానే "రాప్పా పంతులూ, నేను నోరు తెరిసేకి ముందే దిద్దేసెయ్" అనేది. నేను నిజంగానే దిద్దేవాణ్ణి. ఆమె నవ్వి, మళ్ళీ తన మాటే తను అనేది. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత మామిడికాయ, చిలక, కుండ గీయించి గీయించి విసిగిపోయిందనీ, రిటైరైన రోజున ఇంటికొచ్చి చేసిన మొదటి పని బీరువాలోని ఆ నమూనా బొమ్మలన్నీ తీసి పొయ్యిలో పెట్టడమని మామ చెప్పేవాడు. ఇంక జన్మలో మామిడికాయ గీయనన్నదట. మామిడితోట ఉన్న ఇంట్లో ఆ మాట చెల్లుతుందా అని మామ దిగులు పడ్డాడట.

గీయడం మానేసి ఆమె మొదలుపెట్టిన పనిని ఏమని చెప్పాలో మొదట్లో మా ఎవరికీ తెలియలేదు. ప్లైవుడ్ పలక మీద పాత నూలు చీర ముక్కో, గోనెసంచో అతికించేది. అతికించడానికి చింతగింజలు ఉడికించి చేసిన అంబలి. దాని మీద నేను ప్రెస్సు నుంచి తెచ్చిచ్చే పాత ప్రూఫు కాగితాల పొరలు. ఆ పైన సున్నమూ, జల్లించిన ఎర్రమట్టీ, కొంచెం అంబలీ కలిపి పిసికిన ముద్ద. ఆ ముద్ద పచ్చిగా ఉండగానే, పళ్ళున్న ఒక పాత చెక్కను ఈ కొస నుంచి ఆ కొసకు లాగేది. మిద్దె మీద ఎండలో వదిలేసేది. ఎండి పగిలితే ఆ పగుళ్ళలోకి ఇనుప తుప్పు నానబెట్టిన నీళ్ళు పోసేది. మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొనను బొట్లుబొట్లుగా వేసి, అది ఎక్కడెక్కడ నల్లబడుతుందోనని పొద్దుననగా చూసి మళ్ళీ సాయంత్రం చూసేది. తర్వాత మళ్ళీ ముద్ద, మళ్ళీ ఎండ, గరుకు కాగితంతో రుద్ది కింద పొరను పైకి తేవడం. ఒక్కో పలక నెలల తరబడి అలా పడి ఉండేది.

ఏం బొమ్మ వేస్తావత్తా అని అడిగితే, తను వేసేదేమీ లేదనీ, అదే వస్తుందనీ చెప్పి, చివర ఎప్పుడూ ఒకే మాట అనేది.

"ఎండినాక సూద్దాం."

బొమ్మలకే కాదు, అన్నిటికీ అదే మాట. గట్టు తగాదాలో మామ కోపంగా కర్ర తీసుకున్నా, నాకు వచ్చిన సంబంధం గురించి మా అమ్మ తొందరపడినా, ఊళ్ళో ఎవరి మీదైనా ఏదైనా పుకారు పుట్టినా ఎండినాక సూద్దాం. పచ్చిగా ఉన్నప్పుడు ఏదీ అసలు రంగు చూపించదని ఆమె నమ్మకం. ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు ఎంత ముదురుగా ఉంటుందో, ఎండినాక ఎంత వెలిసిపోతుందో చూసిన మనిషి కదా.

మామ ఆ పనికి అడ్డు చెప్పిందీ లేదు, మెచ్చుకున్నదీ లేదు. ఒక్కసారి మాత్రం సంగటి ముద్ద మింగబోయి ఆగిపోయాడు. పంటి కింద ఇసక తగిలింది. రాగిపిండి జల్లెడతోనే మట్టి జల్లించిందని ఆయనకు అర్థమైంది. "సంగట్లో గూడా బొమ్మ యేసినావా?" అన్నాడు. అత్త ఏమీ జంకలేదు, బొమ్మ ఎట్లా వచ్చిందో చెప్పమంది. మరుసటి వారం మామ చిత్తూరు నుంచి రెండో జల్లెడ తెచ్చి గోడకు తగిలించాడు.

చింతగింజల అంబలి అంటే చీమలకు ప్రాణం. ఒక పలకను అవి మూల నుంచి నడిమి దాకా తొలుచుకుపోతే నేను చీమల మందు తెస్తానన్నాను. అత్త వద్దంది. కూలి అడగకుండా పని చేసేవాళ్ళను తరుముతారా అంది. అవి పోయినాక ఆ దారుల్లోకి సున్నపు నీళ్ళు పోసింది. ఇప్పుడు ఆ పలకను చూసినవాళ్ళు నదులంటారు, నరాలంటారు. ఇంకోసారి పక్కింటామె మిద్దె మీద ఖాళీ పలక దొరికిందనుకుని దాని మీద కొత్త చింతపండు ఆరబోసింది. సంగతి తెలిసి ఆమె బెదిరిపోయి పరుగెత్తుకొస్తే, అత్త ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇంకా రెండు రోజులు దాన్ని అక్కడే ఉంచమని బతిమాలింది. పండు తీసేశాక మిగిలిన మరకలు చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. ఎవరి తప్పూ ఆమె దగ్గర తప్పుగా మిగిలేది కాదు. నా ప్రూఫు కాగితాలలో కూడా ఆమెకు నచ్చేది అచ్చు కాదు, నా ఎర్ర గీతలే. "నువ్వు కొట్టేసినవన్నీ ఈడ దాసిపెడతా ఉండా" అని ఒకసారి అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఆ పళ్ళచెక్కను లాగేటప్పుడు అత్త ఊపిరి బిగబట్టేది. చెక్క ఆ చివరకు చేరగానే, గొంతులోనే, "సాలు" అనేది. అని చెయ్యి పైకెత్తి, నిలబడి చూసేది. కాసేపటికి మళ్ళీ వంగి, పక్కన ఇంకో వరస లాగేది. మళ్ళీ "సాలు". నేను సెలవు రోజుల్లో వెళ్ళి మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. నా ఎర్ర పెన్ను లేచింది. సాలు అంటే చాలు. ఆహా, ఎంత గొప్ప మాట అనుకున్నాను. ప్రతి గీతకూ ఇంతటితో చాలు అనుకోగలగడం, ఆశకు హద్దు గీసుకోవడం, ఇదే కదా మా అత్త కళ!

అనుకుని ఊరుకుంటే పోయేది. వ్యాసం రాశాను. ఒక పత్రిక ఆదివారం పేజీలో వేసింది. సంతృప్తి అన్నాను, నిరాడంబరత అన్నాను, రంగుల్లో వైరాగ్యం అన్నాను. పళ్ళచెక్కకు దువ్వెన అని నేనే పేరు పెట్టి, దాన్ని తీసుకెళ్ళి కొండ మీద తలనీలాలకు ముడిపెట్టి, జుట్టు లేని చోట దువ్వే దువ్వెన అని ఒక వాక్యం కూడా రాశాను. రాసిన రోజు ఆ వాక్యాన్ని నేనే పదిమందికి చదివి వినిపించాను. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం చచ్చిపోతుంది.

ఆ వ్యాసం చూసి తిరుపతిలో కళలంటే ఇష్టమున్న కొందరు పల్లెకు వెళ్ళి పలకలు చూసి, ఒక హాల్లో ప్రదర్శన పెట్టారు. పేరు 'చాలు'. ఎవరు మాట్లాడినా ఆ మాటే. ఒక పెద్దమనిషి చాలు అన్న రెండక్షరాల్లో వేదాంతమంతా ఉందని కళ్ళు తుడుచుకున్నాడు. చివర ఒక కాలేజీ అమ్మాయి లేచి, చాలు అంటే మీ ఉద్దేశంలో ఏమిటి మేడమ్ అని అత్తనే అడిగింది. అత్త మైకు వైపు కాకుండా నా వైపు చూసింది. నేను ముందు వరసలో ఉబ్బిపోయి కూర్చుని ఉన్నాను. "మా అల్లుడు రాసినాడు కదమ్మా, బాగా రాసినాడు" అని మైకు వెనక్కిచ్చేసింది. అది నా మీద మెప్పనుకున్నాను. జాలి అనుకోలేదు.

పోయిన వేసవి చివర ఆమెకు గుండె నీరసించింది. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చాము. మిద్దె మీద ఒక పెద్ద పలక సగంలో ఉంది. రెండు వంతులు వరసలు లాగి, మూడో వంతు మెత్తని ముద్దగా వదిలేసి వచ్చింది. ఆసుపత్రిలో చూడడానికి వెళితే మాట సరిగా రావడం లేదు. నా చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి దుప్పటి మీద పెట్టి, వేళ్ళు వంచి, మెల్లగా తన వైపు లాక్కుంది. "సాలు... అబ్బోడా, సాలు" అంది. మళ్ళీ వేళ్ళు వంచి లాగింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంక చాలు, ఆ పలకను ఎత్తిపెట్టెయ్ అంటోందనుకున్నాను.

"నాకు అర్థమయిందత్తా" అన్నాను.

నా జన్మలో అన్న మాటలన్నిటిలోకీ ఆ మాటకే నేను ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

మరునాడు ఉదయమే పల్లెకు వెళ్ళాను. మిద్దె మీద పలకకు తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. మామ చెంబుతో వాటి మీద నీళ్ళు చల్లుతున్నాడు. అత్త ఊరు విడిచిన నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ తడుపుతున్నానన్నాడు, ముద్ద ఆరకుండా. పాపం తెలియక చేస్తున్నాడనుకుని పట్టాలు తీసేశాను. ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎండ తగిలితే గట్టిబడిపోతుంది కదబ్బోడా అన్నాడు. "అత్తే చెప్పింది మామా, ఇంక చాలని" అన్నాను. స్పష్టంగా, చకారం పలికి మరీ అన్నాను. ఆయన చెంబులో మిగిలిన నీళ్ళు తులసి చెట్టుకు పోసి కిందికి దిగిపోయాడు.

ముద్ద రాయిలా ఎండాక, ఇంకో సెలవు రోజున వెళ్ళి వార్నీషు కొట్టాను. అత్త తన పలకలకు వార్నీషు ఎప్పుడూ కొట్టలేదు. ఇంకో ప్రదర్శన పెడితే తళతళలాడుతూ ఉండాలని నేనే ఉత్సాహపడ్డాను. ఫోటో తీసుకొచ్చి ఆసుపత్రిలో చూపించాను. ఆమె ఫోన్ను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎండిపొయ్యిందా?" అంది.

"ఎండిపోయిందత్తా."

"సరేలే. మెరస్తా ఉండాది" అంది. అని ఫోన్ నా చేతిలో పెట్టి, ఆ చేతినే రెండుసార్లు తట్టింది. ఆ తర్వాత ఆమె పలకల మాట ఎత్తలేదు. మామ ఆమెను ఊరికి తీసుకెళ్ళిన పదిరోజులకే పోయింది.

దినాల నాడు పొలంలో ఆమె సమాధి దగ్గర పెట్టాల్సినవి పెట్టి, నేనూ మామా వెనకగా నడిచి వస్తున్నాము. నాలుగు చినుకులు పడి ఉన్నాయి, అంతా వేరుశనగ విత్తే పనిలో ఉన్నారు. ట్రాక్టరు తిరగడానికి వీల్లేని ఒక చిన్న పొలం ముక్కలో, మామిడిచెట్ల సందున, ఒకాయన ఎద్దులకు నాగలి కట్టి దున్నుతున్నాడు. ఆయన భార్య కొంగులో విత్తనాలు పోసుకుని మడక వెనకాలే ఒక్కో గింజా వేసుకుంటూ వస్తోంది. గట్టు దగ్గరికి రాగానే ఆయన గట్టిగా "సాలూ" అన్నాడు. మడక పైకెత్తి ఎద్దులను తిప్పాడు. ఆమె నడుం నిలబెట్టి, ఒక్క క్షణం దున్నినదాన్ని చూసుకుని, మళ్ళీ వంగింది. ఆ చెయ్యి ఎత్తడం, ఆ ఆగి చూడడం, మళ్ళీ వంగడం నేను మెట్ల మీద కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

ఆయనేమంటున్నాడు మామా, ఆపమంటున్నాడా అని అడిగాను.

"ఆపేదేందబ్బా? ఈ సాలు అయిపొయ్యింది, మడక తిప్పుతా ఉండా, ఎనక వచ్చేవాళ్ళు సూసుకోండి అని. మీ తాత గూడా అట్నే అరిసేవాడు. ఆయన మడక ఎనకాల ఇత్తనాలు యేసిందంతా మీ అత్తే కదా" అన్నాడు మామ.

నాగలి నేలలో తీసే గీతను నాగేటి చాలు అంటారని నాకు తెలియక కాదు. ఎన్ని పుస్తకాల్లో దిద్దానో లెక్క లేదు. నిఘంటువు తీస్తే ఒకే మాటకు రెండర్థాలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అక్షరం దిద్దితే మాట అర్థమైపోయినట్టేనని నమ్మినవాణ్ణి నేను. ఆ మాట మా తాత నోటిది, మా నాయన మొట్టికాయలతో నా నోట్లోంచి పీకేసినది. అత్త మాత్రం దాన్ని జాగ్రత్తగా దాచుకుని మిద్దె మీదికి ఎక్కించింది. ఆమె ఎక్కడా ఆగమని చెప్పుకోలేదు. ఒక వరస అయింది, ఇంకోదానికి తిరుగుతున్నాను అని చెప్పుకుంది. ఆసుపత్రి మంచం మీద దుప్పటిని వేళ్ళతో దున్ని చూపించి, మిగిలిన సాళ్ళు తీయాలి, ముద్ద ఆరనివ్వద్దు అని అడిగింది. నేను అర్థమయిందన్నాను.

గట్టు మీద కూర్చుండిపోయి మామకు జరిగిందంతా చెప్పాను. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "నువ్వు ఆ పొద్దు చాలు అనింటివి. మీ అత్త సాలు అనిందని ఆ మాటే సెప్పింటే నాకు తెలిసిపొయ్యిండేది" అన్నాడు. ఆ గొంతులో నింద లేదు. ఉండి ఉంటే నాకు ఇంత కష్టం అనిపించేది కాదు.

దువ్వెన సంగతీ ఆయనే చెప్పాడు. అది మా తాత వాడిన గొర్రు చెక్క. విత్తనాలు వేసే గొర్రు విరిగిపోతే దాంట్లోంచి ఒక ముక్క కోయించి పళ్ళు పెట్టించుకుందట. నా వ్యాసం వచ్చిన రోజు అత్త దాన్ని రెండుసార్లు చదివి పడిపడి నవ్విందట. "అబ్బోడు నన్ను సన్నాసిని సేసేసినాడు సూడు" అందట. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నేనూ అదే అడిగినా. అంత ఇష్టపడి రాసినాడు, ఇప్పుడు సెప్తే సిన్నబుచ్చుకుంటాడు, ఎండినాక సూద్దాంలే అనింది."

చెప్పే అదను ఆమెకు రానేలేదు. నేను రానిచ్చిందీ లేదు. ఆమె నోరు తెరిస్తే దిద్దడానికి సిద్ధంగా ఉన్నవాడికి ఏం చెబుతుంది?

వచ్చే నెల తిరుపతిలో ఆమె పలకలన్నీ మళ్ళీ ప్రదర్శనకు పెడుతున్నారు. పేరు మార్చమని నిర్వాహకులను అడిగాను, కారణం చెప్పాను. వాళ్ళు మర్యాదస్తులు, ఓపిగ్గా విన్నారు. ఆహ్వానాలు వెళ్ళిపోయాయన్నారు. పైగా పోయిన మనిషి విషయంలో చాలు అనే మాట ఎంత అందంగా ఉంది సార్, మీరే కదా రాశారు అన్నారు. నా వాక్యాలే నాకు చదివి వినిపించారు. నేను తల దించుకుని బయటికి వచ్చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు. మీరు ఆ హాలుకు వెళితే, గుమ్మం మీద రాసిన మాటను దయచేసి మా ఊరి నోటితో చదువుకోండి. అక్కడ వైరాగ్యం ఏమీ లేదు. తండ్రి మడక వెనకాల నడిచిన ఒక ఆడపిల్ల ఉంది, ఆమె పని ఇంకా అయిపోలేదు.

ఆ ఆఖరి పలకను మాత్రం ప్రదర్శనకు ఇవ్వలేదు. అది మిద్దె మీదే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు మామ దాన్ని నీళ్ళ తొట్టి పక్క నుంచి తెచ్చి నేల మీద పరిచాడు. గొర్రు చెక్క నా చేతికిచ్చాడు. నేను వద్దన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వంగి, అత్త ఆపిన చోటు పక్కన ఆనించి లాగాను. ముద్ద రాయి, పైన నేను కొట్టిన వార్నీషు. కీచుమంది, జారింది, అయిదు పళ్ళలో నాలుగు అసలు దిగనే లేదు. ఒక్క పన్ను మాత్రం వంకరగా, తెల్లగా, గోటితో గీరినంత గీత తీసుకుంటూ పోయింది. అది కూడా తప్పే అయి ఉండొచ్చు. చెక్క ఆ చివరకు చేరింది.

"సాలు" అన్నాడు మామ వెనక నుంచి.

ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు. చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. తూర్పు నుంచి సన్నగా జల్లు మొదలైంది, ఇద్దరమూ పలకను లోపలికి తీయలేదు. అత్త తీసిన సాళ్ళలో నీళ్ళు వరసగా పారి అంచు నుంచి కారాయి. ఆమె తీయని చోట వార్నీషు మీద చినుకులు నిలవలేక ఇటూ అటూ జారిపోతున్నాయి. నడుమ నేను గీరిన వంకర గీతలోకి మాత్రం కొంచెం తడి దిగి, అంత మేరకు మట్టి ఎర్రబడింది.